కొత్తగా వచ్చినవి

(సాహిత్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు ఫోన్ చేసి "జర్మనీలో తెలుగు" అన్న విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం మీద మాట్లాడే అర్హత నాకు లేదు. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. సాహిత్యంతో నాకున్నది పాఠకుడి చుట్టరికం, అదీ ఈ మధ్య దూరపు చుట్టరికమే. అందుకని విషయం కాస్త కుదించి, మా ఊరి లైబ్రరీలో ఒక అర గురించి మాట్లాడతానన్నాను. "అర అంటే సగమా?" అన్నారాయన. కాదండీ, బీరువాలో అర. ఆయన నవ్వి ఒప్పుకున్నారు. కాబట్టి తప్పు నాది కాదు, వారిది.

మా ఊరి పేరు ష్వైన్‌ఫర్ట్. ష్వైన్ అంటే పంది, ఫర్ట్ అంటే ఏరు దాటే రేవు. పండితులు ఈ అర్థం మీద వాదించుకుంటారు గానీ, నేను మొదటిసారి ఇంటికి ఫోన్ చేసి చెప్పినప్పుడు మా అమ్మ మాత్రం వాదించలేదు. "పోయి పోయి పందుల రేవులో ఉద్యోగమా నాయనా" అంది. మైన్ నది ఒడ్డున యాభై వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. ఇక్కడ కూర్చున్న చాలామంది ఈ పేరు విని ఉండరు. కానీ మీరు ఇక్కడికి వచ్చిన కార్ల చక్రాల్లో మా ఊరి పనితనం ఎంతో కొంత ఉండే ఉంటుంది. 1883 లో ఫ్రీడ్రిష్ ఫిషర్ అనే ఆయన ఉక్కు గోళీలను అన్నీ ఒకే కొలతలో, నున్నగా అరగదీసే యంత్రం తయారు చేసింది ఇక్కడే. బాల్ బేరింగుల పరిశ్రమ అక్కడి నుంచే పెరిగింది. ఆ బేరింగుల కోసమే 1943 ఆగస్టులోనూ అక్టోబరులోనూ అమెరికా విమానాలు మా ఊరి మీద బాంబులు వేశాయి. రెండుసార్లూ వచ్చిన విమానాల్లో చాలా తిరిగి వెళ్ళలేదు. యుద్ధం తరవాత అమెరికా సైన్యం అక్కడే శిబిరం పెట్టుకుని 2014 దాకా ఉంది. వాళ్ళు ఖాళీ చేసిన బారకాసుల స్థలంలో ఇప్పుడు కాలేజీ ఉంది, అందులో మన పిల్లలు ఉన్నారు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ముందు లైబ్రరీ.

ఊరి మధ్యలో ఎబ్రాఖర్ హోఫ్ అని పాత రాతి కట్టడం ఉంది. దగ్గర్లోని ఎబ్రాఖ్ అనే ఊళ్ళో క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది. రైతులు పండించిన దాంట్లో పదో వంతు ఆ మఠానికి ఇచ్చుకోవాలి. ఆ ధాన్యం దాచిన కొట్టు ఇది. బ్రూనో ఫియొరెట్టి మార్కెజ్ అనే బెర్లిన్ ఆర్కిటెక్టుల సంస్థ ఆ కొట్టును చెడగొట్టకుండా, నేల కింద కొత్త గదులు తవ్వి, పైన గాజు పెట్టి లైబ్రరీగా మార్చింది. 2007 నుంచి ఊరి లైబ్రరీ అందులోనే ఉంది. గాదె ఖాళీ చేసి పుస్తకాలు పోశారన్నమాట.

నేను 2011 లో ఆ ఊరు వెళ్ళాను. మొదటి వేసవి చివరే లైబ్రరీకి అలవాటు పడ్డాను. కారణం సాహిత్యం కాదు, ఎండ. ఆగస్టు నెలాఖరున అక్కడ ఎండ బాగానే కాస్తుంది, ఇళ్ళలో ఏసీలు ఉండవు. బవేరియా రాష్ట్రంలో బడులకు వేసవి సెలవులు ఆలస్యంగా మొదలై సెప్టెంబరు మధ్యదాకా ఉంటాయి. సగం ఊరు ఇటలీ వెళ్ళిపోతుంది. మిగిలినవాళ్ళలో కొంతమంది ఐస్‌క్రీం కొట్టు ముందు, కొంతమంది లైబ్రరీలో. పిల్లలు నేల మీద బోర్లా పడుకుని చదువుతుంటారు. ఆ రాతి గోడల మధ్య చల్లగా, కొంచెం కాగితం వాసనతో, మధ్యాహ్నం పూట మన పెంకుటింటి వసారాలో పడుకున్నట్టుంటుంది.

అక్కడే చూశాను ఆ అర. కొత్తగా వచ్చిన పుస్తకాలు అందరి కంటా పడేటట్టు విడిగా పెడతారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో అది నిండుతూ ఉంటుంది. దానికో కారణం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంత అక్టోబరులో. అక్కడి ప్రచురణకర్తలు శరదృతువు జాబితాలోని పుస్తకాలను ఆ సంతకు ముందే బజారులోకి వదులుతారు. ఆ ఏటి జర్మన్ నవలా బహుమతి కోసం 20 పుస్తకాల మొదటి జాబితా ప్రకటించేదీ ఆగస్టులోనే. మనకు సంక్రాంతికి సినిమాలు విడుదలైనట్టు వాళ్ళకు వేసవి చివర పుస్తకాలు.

ఒక చిన్న ఊరి లైబ్రరీకి ఏ పుస్తకం కొనాలో ఎలా తెలుస్తుంది? ఇంజనీరును కదా, యంత్రం కనపడితే మూత విప్పి చూడాలనిపిస్తుంది. అడిగి తెలుసుకున్నాను. రాయిట్లింగెన్ అనే ఊళ్ళో 1947 లో పుట్టిన సంస్థ ఒకటుంది, ఎకెజెడ్ అంటారు. దాని పనల్లా లైబ్రరీలకు కావలసినవి అమర్చడమే. దేశమంతటా ఉన్న లైబ్రేరియన్లు తలా కొన్ని కొత్త పుస్తకాలు చదివి, ఇది ఎవరికి పనికొస్తుందో, ఏ స్థాయి లైబ్రరీ కొనుక్కోవచ్చో నాలుగు ముక్కలు రాస్తారు. ఆ రాతలన్నీ వారం వారం లైబ్రరీలకు అందుతాయి. చిన్న ఊరి లైబ్రేరియను అవి చూసి టిక్కు పెట్టుకోవచ్చు. పుస్తకం అట్టకు ప్లాస్టిక్ తొడుగు వేసి, వీపు మీద నంబరు అంటించి పంపించే ఏర్పాటు కూడా ఉంది. అక్కడ కొత్త పుస్తకాల ధర ఎవరు అమ్మినా ఒకటే, చట్టం అలా ఉంది. ఊరందరికీ తెరిచి ఉండే లైబ్రరీలకు మాత్రం పది శాతం దాకా తగ్గించవచ్చు. ఇందులో ఎవరి దాతృత్వమూ లేదు. ప్రతి ఏడూ బడ్జెట్ వస్తుంది, ప్రతి వారం జాబితా వస్తుంది, పెట్టెలు వస్తాయి. మంచినీళ్ళ కుళాయి లాంటి వ్యవహారం.

ఇంకో దృశ్యం మాత్రం నన్ను కలవరపెట్టింది. తలుపు దగ్గర బల్ల మీద పాత పుస్తకాలు కుప్పపోసి, చిల్లర డబ్బులకు అమ్ముతున్నారు. అన్నిటి మీదా లైబ్రరీ ముద్ర కొట్టేసి ఉంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినవాణ్ణి. సరస్వతిని తూకానికి వేస్తున్నట్టనిపించింది. కౌంటరులో ఉన్నావిడను అడిగాను. ఆవిడ నావైపు జాలిగా చూసి, "అరల పొడవు పెరగదండీ. కొత్తవి రావాలంటే కొన్ని వెళ్ళాలి" అంది. క్యాష్ మెమరీ గురించి నేను రోజూ పదిమందికి చెప్పే మాటే అది. ఇంటికి వెళ్ళాక గాని తట్టలేదు.

ఆ కొత్త పుస్తకాల అర దగ్గర తరచుగా కనపడే పెద్దాయన ఒకరుండేవారు. బేరింగుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. వచ్చి అరంతా చూసి, రెండు పుస్తకాలు తిరగేసి, చాలాసార్లు ఏమీ తీసుకోకుండానే వెళ్ళిపోయేవారు. ఒకసారి ఉండబట్టలేక, "మీకు నచ్చింది ఏదీ లేదా?" అన్నాను. "నేను చదవడానికి రాను. ప్రపంచం ఇంకా రాస్తోందా లేదా అని చూడ్డానికి వస్తాను" అన్నారు. ఆయన కొంచెం పెడసరం మనిషి. అయినా ఆ మాట నాతో ఉండిపోయింది.

ఇప్పుడు మా సొంత ఊరికి వెళదాం. మాది గుంటూరు జిల్లాలో కృష్ణా కాలువ పక్కన పల్లె. మా నాన్నగారు అక్కడ లెక్కల మాస్టారు. బడి అయ్యాక ఊరి గ్రంథాలయంలో గంటసేపు కూర్చుని, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని జీతం లేకుండా చేసేవారు. మా బాధ ఏమిటంటే మార్కులు తగ్గినవాళ్ళను కూడా అక్కడికే రమ్మనేవారు.

మేం ఇంజనీరింగు పూర్తిచేసిన బ్యాచి 2013 లో ఒక మంచిపని చేద్దామనుకుంది. మీలో చాలామంది చేసిన పనే. తలా కొంత వేసుకున్నాం. నాన్నగారి గ్రంథాలయానికి సున్నం కొట్టించి, మూడు ఇనప బీరువాలు కొని, 1,400 పుస్తకాలు ఇచ్చాం. విశ్వనాథ, చలం, కొడవటిగంటి, శ్రీపాద, రంగనాయకమ్మ, మేం చదివి పెరిగినవన్నీ. గుమ్మం పక్కన పాలరాతి పలక, అందులో మా పేర్లన్నీ. పలక మీద పేర్ల వరసలో ఎవరు ముందు అన్న దాని మీద బ్యాచిలో పదిరోజులు మాటలు లేవు. అదీ చెప్పాలి కదా.

2016 లో నాన్నగారు పోయారు. కర్మకాండ అయ్యాక ఒక సాయంత్రం గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడ పార్ట్‌టైముగా పనిచేసే పెద్దమనిషి తాళం తీసి, కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. బీరువాలు మెరుస్తూనే ఉన్నాయి. పుస్తకాలూ మెరుస్తున్నాయి, అదే బాధ. పుస్తకాల రిజిస్టరు తీసి చూశాను. నాన్నగారి చేతిరాతలో వరస నంబర్లు, పేర్లు, ధరలు. 2013 లో మా 1,400 పుస్తకాలు ఓపికగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశారు. ఆ తరవాత పేజీ తిప్పాను. ఖాళీ. ఇంకో పేజీ. ఖాళీ. మూడేళ్ళలో ఆ ఊరికి ఒక్క పుస్తకం రాలేదు. చివరి కొత్త పుస్తకం మాదే.

"అదేంటండీ, ఎవరూ తీసుకోవడం లేదా?" అన్నాను.

"ఎందుకు తీసుకోరు బాబూ? మొదటి ఏడు బాగానే తీసుకున్నారు. చదివేవాళ్ళు పదిమంది. వాళ్ళకు కావలసినవి చదివేశారు. కుర్రాళ్ళు వస్తారు, గ్రూప్ టూ పుస్తకాలున్నాయా, డీఎస్సీవి ఉన్నాయా, కానిస్టేబులు పరీక్షవి ఉన్నాయా అంటారు. ఉన్నాయి గానీ ఏనాటివో. సిలబస్ మారిపోయిందంటారు. పేపరు చూసుకుని వెళ్ళిపోతారు."

మేం ఆ కుర్రాళ్ళను ఏం కావాలని అడగలేదు. మా జ్ఞాపకాలను కట్టకట్టి వాళ్ళ ఊళ్ళో దించి వచ్చాం.

గ్రంథాలయాలకు డబ్బు లేదా అంటే, చట్టప్రకారం ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. మీ ఊళ్ళో మీకు ఇల్లుంటే మీరూ కడుతున్నారు, రసీదు చూసుకోండి. అది వసూలు చేసిన పంచాయతీ, మునిసిపాలిటీ జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. ఈ "జమ చెయ్యాలి" అన్న దగ్గరే చాలాచోట్ల బండి ఆగిపోతుంది, బకాయిలు పేరుకుంటాయి. వచ్చిన దాంట్లో జీతాలు, కరెంటు, పేపర్లు పోగా పుస్తకాల వంతుకు మిగిలేది ఎంతో మీరే ఊహించుకోండి. జర్మనీలో సన్యాసులు రైతుల దగ్గర పదో వంతు తీసుకుని గాదె నింపారు. మనం రూపాయికి 8 పైసలు ఇస్తున్నాం, గాదె మాత్రం నిండడం లేదు.

మనవాళ్ళకు ఈ సంగతి తెలియక కాదు. మన దగ్గర గ్రంథాలయాలు ప్రభుత్వం పెట్టినవి కావు, జనం పెట్టుకున్నవి. విశాఖపట్నంలో 1886 లో మంథిన ఆదినారాయణమూర్తిగారు పెట్టింది, హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో 1918 లో పుట్టిన సారస్వత నికేతనం, ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. 1914 లో అయ్యంకి వెంకటరమణయ్యగారు బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులను సమావేశపరిచి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టేనాటికి ఆయనకు పాతికేళ్ళు నిండలేదు. మనం ఆ వయసులో వీసా స్టాంపింగు కోసం లైన్లో ఉన్నాం.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది భవనం కాదు, పడవ. 1935 లో పాతూరి నాగభూషణంగారు మా కాలువ మీదే, పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పడవ గ్రంథాలయం నడిపారు. పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా రేవులో ఆగడం, పాతవి తీసుకుని వేరేవి ఇవ్వడం. మా తాతయ్య పిల్లాడిగా గట్టున నిలబడి ఆ పడవ చూశానని నాన్నగారికి చెప్పేవాడట. ఏం పుస్తకం తీసుకున్నావు అంటే గుర్తులేదనేవాడట. పడవ మళ్ళీ ఏ రోజు వస్తుందో లెక్కపెట్టుకోవడం మాత్రం గుర్తుందట.

అమెరికాలో ఉన్నవారికి ఇంకో ఉదాహరణ. ఇక్కడి కొన్ని విశ్వవిద్యాలయాల లైబ్రరీలలో తెలుగు పుస్తకాలు బారులు తీరి ఎందుకున్నాయో తెలుసా? అప్పట్లో పీఎల్-480 కింద అమెరికా మనకు గోధుమలు పంపేది. వాటి ఖరీదు మనం రూపాయల్లో కట్టేవాళ్ళం. ఆ రూపాయల్లో కొన్నిటితో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం మన భాషల పుస్తకాలు అచ్చయినవి అచ్చయినట్టు కొని ఇక్కడికి పంపించింది. రేషన్ షాపులో గోధుమల కోసం మన పెద్దవాళ్ళు నిలబడ్డ లైనుకు, ఇక్కడి అరలకు అలా ముడిపడింది. ఒక మహాదాత వచ్చి ఒకసారి ఇచ్చిన పుస్తకాలైతే ఏ నేలమాళిగలోనో ఉండేవి. ఏటేటా వచ్చాయి కాబట్టి వాటిని చూసుకోవడానికి మనుషులను పెట్టారు.

నా కథకు వస్తాను. 2016 ఆగస్టులో తిరిగి వెళ్ళేటప్పుడు నాన్నగారి సొంత పుస్తకాలు రెండు పెట్టెల్లో, 46 కిలోలు, జర్మనీ తీసుకెళ్ళాను. బట్టలు అక్కడే వదిలేశాను. ఒకరోజు అందులో మంచివి ఏరి, సంచీలో పెట్టుకుని లైబ్రరీకి వెళ్ళాను. నాన్నగారి పేరు మీద తెలుగు అర ఒకటి ఇక్కడ ఉండాలని నా ఆశ. పాలరాతి పలక అడగకూడదన్న జ్ఞానం అప్పటికి వచ్చింది.

ఇదివరకు చెప్పిన ఆవిడే ఉంది. ఎంతో శ్రద్ధగా చూసింది. ఒక పుస్తకం విప్పి అక్షరాల మీద వేలు పెట్టి, "ఎంత గుండ్రంగా ఉన్నాయి! మా ఊరి బేరింగుల్లా ఉన్నాయి" అంది. అప్పుడు ఇంకో మాట చెప్పింది. ఊరి చౌకులో విగ్రహం ఉంది కదా, ఫ్రీడ్రిష్ ర్యూకెర్ట్, ఆయన చదివిన భాషల్లో మీ భాష కూడా ఉందని. రోజూ ఆ విగ్రహం ముందు నుంచే ఆఫీసుకు వెళతాను, నాకు తెలియదు. ర్యూకెర్ట్ 1788 లో ఆ ఊళ్ళో పుట్టిన కవి, పండితుడు. మన నలదమయంతుల కథను 1828 లో జర్మన్ పద్యాల్లో చెప్పాడు, గీతగోవిందాన్ని అనువదించాడు. ఆయన పరిశ్రమ చేసిన భాషలు 44 అని లెక్కగట్టారు, అందులో తెలుగు ఉంది. ఆయన మన దేశం ఎప్పుడూ రాలేదు. మద్రాసులో క్యాంప్‌బెల్ 1816 లో, బ్రౌన్ 1840 లో అచ్చువేయించిన తెలుగు వ్యాకరణాల వంటివి ఓడల్లో ఐరోపా చేరిన కాలం అది. అలా ఏదో ఒక పుస్తకం కొత్తగా ఆ దేశంలో దిగబట్టే కదా ఆయన చేతికి తెలుగు అందింది.

ఇంత చెప్పి, ఆవిడ మెల్లిగా అడిగింది. "వీటిని ఎంతమంది చదువుతారు?" నాలుగు కుటుంబాలున్నాయన్నాను. "కేటలాగులో ఎవరు ఎక్కిస్తారు?" నేను ఎక్కిస్తానన్నాను. "సరే. వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు ఏమిటి?" అన్నాను.

"వచ్చే ఏడు కొత్తవి ఎవరు తెస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఒకసారి ఇచ్చే మనిషిని. సంచీ తీసుకుని వచ్చేశాను. ఆవిడ మీద కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. విగ్రహం దాటి నది దాకా నడిచాక, మా ఊరి రిజిస్టరులో ఖాళీ పేజీ కళ్ళముందు కొచ్చింది. అక్కడ నన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

2017 లో బ్యాచివాళ్ళకు మళ్ళీ ఫోన్లు చేశాను. ఈసారి అడిగింది నెలకు 500 రూపాయలు, ఆపకుండా. పెద్ద మొత్తం ఒకేసారి అడిగితే 23 మంది ఇచ్చారు, చిన్న మొత్తం ఎప్పటికీ ఇమ్మంటే 11 మంది మిగిలారు. "ఒరేయ్, లక్ష రూపాయలు ఇప్పుడే పంపిస్తా, ఈ నెల నెలా గొడవ నాకొద్దు" అన్నవాడున్నాడు. వాడిది పెద్ద మనసే. కానీ లక్షతో కొన్న పుస్తకాలకు కూడా మూడేళ్ళ తరవాత ఖాళీ పేజీయే వస్తుందని వాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

గ్రంథాలయం బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టించాం. ఏ పుస్తకం కావాలో ఎవరైనా రాయవచ్చు. పోటీ పరీక్షల పుస్తకాలు సగానికి పైగా ఉంటాయి, ఆ ఏటివే కొంటాం. మిగతా సగం చూడాలి మీరు. ఒకరు సెల్‌ఫోను రిపేరు నేర్పే పుస్తకం అడిగారు. రొయ్యల చెరువుల జబ్బుల గురించి ఒకరు. ఒక అమ్మాయి ఓల్గాగారివి అన్నీ అని రాసింది. ఒక ముసలాయన చందమామ కావాలని రాశాడు, ఆగిపోయి ఏళ్ళయిందని కింద ఎవరో రాస్తే, దాని కింద మళ్ళీ "తెలుసు, అయినా" అని రాశాడు. నాన్నగారి శిష్యుడు ఒకాయన ఏడాదికి రెండుసార్లు బెజవాడ వెళ్ళి కొనుక్కొస్తాడు. కరోనా వచ్చిన 2020 లో కొనలేకపోయాం. అది తప్ప రిజిస్టరులో ఏ ఏడూ ఖాళీ లేదు. నెలకు ఇచ్చేవాళ్ళు 11 నుంచి 9 అయ్యారు. వేడుక లేదు, ఫొటో లేదు, ఉత్సాహం తగ్గుతుంది. ఇది ఎన్నాళ్ళు నడుస్తుందో నేను హామీ ఇవ్వలేను.

ఇక పందుల రేవులో తెలుగు సంగతి.

మా అమ్మాయి 2012 లో పుట్టింది. జర్మన్ పుస్తకాలు ఇటుక రాళ్ళంత లావువి రెండు రోజుల్లో నమిలేస్తుంది. తెలుగు చదవడం మా ఆవిడ నేర్పింది, వచ్చు. కానీ తాతగారి పుస్తకాలు ముట్టుకోదు. "నాన్నా, ఇవి దుమ్ము వాసన వస్తాయి. అక్షరాలు చిన్నవి. ఇందులో ఉన్నవాళ్ళందరూ చచ్చిపోయారు" అంది ఒకసారి. నాకు గుండెలో కలుక్కుమంది. కానీ అదే పిల్ల లైబ్రరీకి వెళ్ళగానే మొదట పరిగెత్తేది కొత్తవాటి అర దగ్గరికి. పాతవి చెడ్డవని కాదు, నేనూ ఆ వయసులో కొత్త చందమామ కోసమే పరిగెత్తాను, పోయిన నెలది ఎంత బాగున్నా.

ఇందాక కాలేజీ అన్నాను కదా. అక్కడ ఇంగ్లీషులో చెప్పే మెకట్రానిక్సు, లాజిస్టిక్సు, రోబోటిక్సు కోర్సులున్నాయి. అక్టోబరు 1న శీతాకాలపు సెమిస్టరు మొదలు. అందుకని సెప్టెంబరంతా మన పిల్లలు దిగుతూనే ఉంటారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగి, వ్యూర్జ్‌బర్గ్‌లో రైలు మారి, పచ్చళ్ళు, ప్రెషర్ కుక్కరు, భయం అన్నీ మోసుకుని ష్వైన్‌ఫర్ట్ స్టేషన్లో దిగుతారు. మేం నాలుగైదు కుటుంబాల వాళ్ళం వాళ్ళను వాట్సాప్‌లో ముందే పలకరిస్తాం. 2018 వేసవిలో ఒక షరతు పెట్టాను. ఈ ఏడాదిలో అచ్చయిన తెలుగు పుస్తకం ఒక్కటి, మీకు నచ్చింది, తెచ్చినవాళ్ళకు స్టేషన్ నుంచి గది దాకా కారు, మొదటి రాత్రి మా ఇంట్లో పప్పు, అన్నం, ఆవకాయ. తేకపోయినా అన్నం పెడతాం లెండి, ఆ మాట మాత్రం ముందు చెప్పం.

మొదటి ఏడు మూడు వచ్చాయి. ఒకటి వ్యక్తిత్వ వికాసం, ఒకటి వంటల పుస్తకం, ఒకటి శతక పద్యాలు, దేవుడి గుళ్ళో ప్రసాదంతో పాటు ఇచ్చింది. పోనీలే అనుకున్నాను. తరవాత తరవాత వాళ్ళే వచ్చేముందు హైదరాబాదు పుస్తకాల కొట్లకు వెళ్ళి అడగడం మొదలుపెట్టారు. మంచి పుస్తకం వాళ్ళ బొమ్మల పుస్తకాలు, కొత్త కథా సంకలనాలు, తెలంగాణ, రాయలసీమ యాసలో రాసిన నవలలు. ఇప్పుడు 60 దాటాయి. లైబ్రరీలో కాదు, ఒక చక్రాల సూట్‌కేసులో ఉంటాయి. ఆ సూట్‌కేసు నెలకొక ఇంటికి వెళుతుంది. పిల్లలు దానికి పేరు పెట్టారు, "పడవ" అని. తాతయ్య కథ నేను చెప్పిందే.

కిందటి సెప్టెంబరులో ఖమ్మం నుంచి వచ్చిన ఒక అమ్మాయిని స్టేషన్ నుంచి తెచ్చాం. రైలు గంటన్నర ఆలస్యం, అన్నం తింటూనే కళ్ళు మూతలు పడుతున్నాయి. సంచీలోంచి ఒక నవల తీసి బల్ల మీద పెట్టి, "సారీ అంకుల్, కొత్తదే గానీ విమానంలో సగం చదివేశాను, అట్ట మడత పడింది" అంది. మా అమ్మాయి ఆ పుస్తకం తీసుకుని తన గదిలోకి పోయింది. మర్నాడు పొద్దున్న ఆ పిల్ల లేచి కాఫీ తాగుతుంటే వచ్చి ఎదురుగా నిలబడి, "అక్కా, నువ్వు ఎక్కడి దాకా చదివావు? నాకు మూడో పేజీలో ఒక మాట అర్థం కాలేదు" అంది. ఇద్దరూ ఆ ఖమ్మం మాట మీద అరగంట కూర్చున్నారు. నన్ను పిలవలేదు.

లైబ్రరీలో ఆవిడకు ఈ సూట్‌కేసు సంగతి చెప్పాను. "వచ్చే ఏడు?" అని అడగలేదు. ఒకరోజు తీసుకొచ్చి చూపించమంది.

నాన్నగారి 46 కిలోలు మా ఇంట్లోనే ఉన్నాయి. దుమ్ము దులుపుతుంటాను, ఒక్కోసారి ఒకటి తీసి చదువుకుంటాను.

ఈ సెప్టెంబరులో మా ఊరికి 14 మంది వస్తున్నారు. ఇక్కడికి బయలుదేరే ముందు ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, లగేజీ 23 కిలోలే కదా. పుస్తకం పెడితే గోంగూర పచ్చడి అరకిలో తీసెయ్యాలి. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. బరువు తక్కువున్న కథల పుస్తకం చూసుకోమన్నాను. పచ్చడి మాత్రం వదలొద్దన్నాను.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.